విదౌర్రి ద్రోహియా, తన రాష్ట్రం కోసం నిలబడ్డవాడా?

సరిహద్దు_సుబ్బారావు:
మెక్సికో ఉత్తరాది నాయకుడు సాంతియాగో విదౌర్రి 1855లో ఆ దేశ నియంత సాంటా అన్నా మీద తిరగబడి మొంతెర్రే నగరం పట్టుకున్నాడు. నువేవో లియోన్ రాష్ట్రానికి గవర్నరయ్యాడు, మరుసటేడు పక్క రాష్ట్రం కొవావిలాను కలిపేసుకున్నాడు. 1867 జూలై 8న మెక్సికో సిటీలో విచారణ లేకుండా, ద్రోహి అని వీపు మీద కాల్చి చంపారు. ఇది అన్యాయమని నా వాదన.

గోదారి_మాస్టారు:
అన్యాయమేం కాదండీ. ఫ్రెంచి సైన్యం తరుముతుంటే అధ్యక్షుడు హువారెస్ ఉత్తరాదికి వచ్చాడు. 1864 ఫిబ్రవరిలో సరిహద్దు పట్నం పియెద్రాస్ నెగ్రాస్ కస్టమ్స్ డబ్బు అడిగితే విదౌర్రి ఇవ్వనన్నాడు. డబ్బు లేకుండా యుద్ధం ఎలా చేస్తారు?

సరిహద్దు_సుబ్బారావు:
ఆ డబ్బు ఎక్కడిది? అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రేవులన్నీ దిగ్బంధంలో ఉంటే టెక్సాస్ పత్తి బండ్లు సరిహద్దు నది రియో గ్రాండే దాటి వచ్చేవి. సుంకం పెరిగింది అందుకే. దాన్ని కాపాడింది విదౌర్రి.

విజయ్_గుంటూరు:
1857 రాజ్యాంగం ప్రకారం కాంగ్రెస్ అనుమతి లేకుండా రాష్ట్రాలు ఎగుమతి దిగుమతుల మీద పన్ను వేయకూడదు కదా?

సరిహద్దు_సుబ్బారావు:
పుస్తకంలో రాసింది వేరు, నడిపేవాడి కష్టం వేరు. నేను ఒక కంపెనీ బ్రాంచి చూశాను. నెలాఖరుకి వసూళ్లన్నీ పైకి పంపమనేవాళ్లు, మా కుర్రాళ్ల జీతాలు మాత్రం ఆపేసేవాళ్లు. ఒకడు అద్దె కట్టలేక బండి అమ్ముకున్నాడు. వసూలు పంపనన్నవాణ్ని దొంగ అంటే నాకు ఒళ్లు మండుతుంది.

గోదారి_మాస్టారు:
మీ జీతాల గొడవ బాధాకరమే. కానీ అక్కడ దేశం చేజారిపోతోంది.

నీలవేణి:
విదౌర్రి అల్లుడు పాత్రిసియో మిల్మో పత్తి వ్యాపారంలో ఉన్న సంగతి ఇద్దరూ దాటేశారు. సుంకం మామగారిది, సరుకు అల్లుడిది.

సరిహద్దు_సుబ్బారావు:
అల్లుడి సంగతి వేరే చర్చ. అంశం మార్చకండి.

గోదారి_మాస్టారు:
సరే, డబ్బు వదిలేద్దాం. ఫ్రెంచి సేనాని బజేన్ నుంచి ఉత్తరం వచ్చాక, యుద్ధమా శాంతియా అని విదౌర్రి జనాన్ని ఓటడిగాడు. మిగతా రాష్ట్రాల్లో కుర్రాళ్లు చస్తుంటే ఓటా! సిగ్గనిపించడం లేదా మీకు?

సరిహద్దు_సుబ్బారావు:
నోరు అదుపులో పెట్టుకోండి మాస్టారూ. అవును, అడగడమే సరైన పని అంటాను. చచ్చేది ఆ జనమే కదా, వాళ్లని అడగకూడదా? ఫిబ్రవరి 26న హువారెస్ ఒక్క డిక్రీతో కొవావిలాను విడగొట్టాడు. అప్పుడు ఎవర్నడిగాడు?

గోదారి_మాస్టారు:
ఇప్పుడు బయటపడింది మన అసలు తేడా. పరాయి సైన్యం దేశంలో ఉండగా ఒక రాష్ట్రం తన దారి తాను చూసుకోవచ్చని మీరంటున్నారు. ఎప్పటికీ ఒప్పుకోను. ఆ దారి ఎక్కడికి పోయిందో చూడండి: విదౌర్రి టెక్సాస్‌కి పారిపోయి, తర్వాత ఫ్రెంచివాళ్లు నిలబెట్టిన చక్రవర్తి మాక్సిమిలియన్ దగ్గర ఆర్థికమంత్రి అయ్యాడు.

సరిహద్దు_సుబ్బారావు:
మంత్రి పదవిని నేను సమర్థించను. జనం మాట వినాలన్నదాన్నే సమర్థిస్తున్నా.

నీలవేణి:
మరి 1856లో కొవావిలాను కలిపినప్పుడు కొవావిలాలోని సాల్తియో పట్నం వద్దంది. వాళ్ల మాట ఎందుకు వినలేదు సుబ్బారావుగారూ?