ఈస్ట్‌లో డీఎన్‌ఏ కాపీ: సీడీసీ7కి డీబీఎఫ్4 ఎందుకు?

అనంతపురం_బయోకెమ్: అన్నా, ఎమ్మెస్సీ చదువుతాండా. ఈస్ట్ అనే శిలీంధ్రంలో సీడీసీ7 కైనేజ్ (వేరే ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) కణంలో ఎప్పుడూ ఉంటుందంట, మరి ఎస్ ఫేజ్‌లోనే (డీఎన్‌ఏ కాపీ అయ్యే దశ) ఎట్ల పనిచేస్తుంది? రెండుసార్లు చదివినా అర్థం కాల్యా.

సీమ_ఈస్ట్: సీడీసీ7 ఒక్కటే ఉంటే ఏం చేయలేదు తమ్మీ, డీబీఎఫ్4 అనే తోడు ప్రోటీన్ వచ్చి అతుక్కుంటేనే పని మొదలు, ఆ జంటనే డీడీకే అంటారు. సీడీసీ7 మోతాదు పెద్దగా మారదు, డీబీఎఫ్4 మాత్రం జీ1లో (ఎస్‌కి ముందు దశ) ఏపీసీ అనే, ప్రోటీన్లను నాశనానికి గుర్తుపెట్టే ఎంజైమ్ వల్ల నాశనమైపోతా ఉంటుంది, ఎస్ దగ్గరికొచ్చేసరికి పేరుకుంటుంది. మన బోరుబావి అనుకో, మోటార్ దింపేది ఒకప్పుడు, కరెంటు ఇచ్చేది ఇంకొకప్పుడు. మోటార్ దింపినట్టు, జీ1లో ఎంసీఎం2-7 రింగులు (డీఎన్‌ఏ పోగులు విడదీసే హెలికేజ్‌లో ముఖ్య భాగం) రెండు డీఎన్‌ఏ మీద ఎక్కి కదలకుండా కూర్చుంటాయి. ఎస్‌లో డీడీకే పోయి ఎంసీఎం4, ఎంసీఎం6 తోకలకు ఫాస్ఫేట్ తగిలిస్తే ఎస్ఎల్‌డీ3, దాంతోపాటే సీడీసీ45 అనే సాయం ప్రోటీన్లు వచ్చి పట్టుకుంటాయి.

కడప_ల్యాబ్: సీడీకే అనే ఇంకో కైనేజ్‌ని మర్చిపోవద్దు. ఈస్ట్‌లో ఆ సీడీకేనే సీడీసీ28, అది సీఎల్‌బీ5 లేదా 6 అనే తోడు ప్రోటీన్‌తో కలిసి ఎస్ఎల్‌డీ2, ఎస్ఎల్‌డీ3లకు ఫాస్ఫేట్ పెడితే ఆ రెండూ డీపీబీ11 అనే ప్రోటీన్‌కి అతుక్కుంటాయి, జిన్స్ అనే ప్రోటీన్ల గుంపు వచ్చి చేరుతుంది, అప్పుడే హెలికేజ్ తిరుగుతుంది. నాకు చాలా ఇష్టమైన విషయం ఏందంటే, అదే సీడీకే కొత్త ఎంసీఎంలను ఎక్కనీయదు, అందుకే ఒక సైకిల్‌కి ఒకే కాపీ. ఎంసీఎం5లో బాబ్1 అనే మ్యుటేషన్ (జన్యువులో మార్పు) ఉంటే సీడీసీ7 లేకున్నా ఈస్ట్ బతుకుతుంది, అంటే డీడీకే అసలు పని ఎంసీఎం మీదే. పరీక్షలో ఇది రాయి.

అనంతపురం_బయోకెమ్: బోరుబావి దెబ్బకు తేటగా అర్థమైందన్నా! డీబీఎఫ్4 లెవెల్ గ్రాఫ్ గీసుకుంటా ఇప్పుడే.