డీఎమ్ఎస్ఓలో పొటాషియం అయొడైడ్: జోన్స్–డోల్ గ్రాఫ్‌లో A నిలకడగా రావడం లేదు

నమస్కారం అండీ. పర్లాకిమిడిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. డీఎమ్ఎస్ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావణి)లో పొటాషియం అయొడైడ్ ద్రావణాల స్నిగ్ధత కొలిచి, జోన్స్–డోల్ సమీకరణంలో (η/η₀ = 1 + A√c + Bc) పెడుతున్నాను. ఇందులో η₀ ఉత్త ద్రావణి స్నిగ్ధత, c గాఢత; A అయాన్ల మధ్య ఆకర్షణని, B అయాన్‌కీ ద్రావణికీ మధ్య ప్రభావాన్ని చూపిస్తాయి. ఆస్ట్వాల్డ్ విస్కోమీటర్ (సన్నని గొట్టంలో ద్రవం దిగే సమయాన్ని బట్టి స్నిగ్ధత తేల్చేది) వాడుతున్నాను, గాఢతలు 0.005 నుంచి 0.1 మోలార్ దాకా. ఈ ఉక్కలో గదే 31 డిగ్రీలుంటోంది, మా వాటర్‌బాత్ చల్లబరచలేదు, అందుకే 35 దగ్గర పెట్టాను. సాంద్రత పిక్నోమీటర్‌తో తీస్తున్నాను, అందులో ఇబ్బంది లేదు.

0.02 పైన బిందువులన్నీ చక్కగా సరళరేఖ మీదే ఉన్నాయి, B ధనాత్మకం. నీళ్లలో ఇదే లవణానికి B రుణాత్మకం కదా, ఆ తేడా చూపించడమే నా ప్రాజెక్టుకి ప్రాణం. తక్కువ గాఢతల దగ్గరే చిక్కంతా. ఉత్త డీఎమ్ఎస్ఓ గొట్టంలో దిగడానికి పొద్దున 241.3 సెకన్లు, సాయంత్రం 242.6. దాన్ని ముందు కొలిస్తే A ఎక్కువొస్తోంది, చివర కొలిస్తే రుణాత్మకం అవుతోంది. ముసురు పట్టిన రోజు మరీ ఘోరం. తేమ పీల్చుకుంటోందనే నా అనుమానం.

డీఎమ్ఎస్ఓని రెండు రోజులు తేమ పీల్చే మాలిక్యులర్ సీవ్స్‌లో ఉంచాను, విస్కోమీటర్ రెండు మూతులకీ కాల్షియం క్లోరైడ్ గొట్టాలు బిగించాను, కొత్త సీసా తెరిచాను. తేడా తగ్గింది గానీ పోలేదు. తక్కువ గాఢతల దగ్గర ఆ సమయంలో A వాటా అర సెకను లోపే కాబట్టి ఇది చాలదు.

A ని ఫాల్కెన్‌హాగెన్ సమీకరణం (A ని సిద్ధాంతపరంగా ఇచ్చేది) నుంచి లెక్కగట్టి, 0.02 పైన బిందువులతో B ఒక్కటే ఫిట్ చేస్తే పరీక్షకులు ఒప్పుకుంటారా?