వాలెట్ అడ్రస్ బదులు పేరు పెట్టుకోవచ్చంటున్నారు, డాట్ ఈత్ తీసుకున్నవాళ్లు జర చెప్పండి

హన్మకొండ_త్రీడీ:
అన్నలూ, అక్కలూ, నేను హన్మకొండలో ఇంట్లో కూర్చొని గేమ్‌లకు త్రీడీ మోడల్స్ చేస్తుంటా. బయటి దేశం క్లయింట్ ఒకాయన పైసలు యూఎస్‌డీసీలో (ఒక్కోటి ఒక డాలర్ విలువ ఉండే క్రిప్టో), ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ మీద పంపుతాడు. మొన్న నా రెండు వాలెట్ల మధ్య 60 డాలర్లు మార్చుకుందామని పాత లావాదేవీల లిస్టులో నుంచి అడ్రస్ కాపీ చేశా. ముందు నాలుగు అక్షరాలు, వెనక నాలుగు అక్షరాలు చూసుకున్నా, నాదే అనుకుని పంపేశా. తీరా చూస్తే మధ్యలో ఉన్నదంతా వేరే. ఎవడో నా అడ్రస్‌ను పోలినది తయారు చేసుకుని, దాంతో ఒక సున్నా డాలర్ల లావాదేవీ నా లిస్టులో పడేలా చేశాడట, నేనెప్పుడో ఒకప్పుడు కాపీ చేయకపోతానా అని. చేశాను. పోయాయి.

అప్పటి నుంచి అడ్రస్ చూస్తేనే టెన్షన్. 42 అక్షరాలు, అందులో ముందున్న సున్నా ఎక్స్ తీసేసినా 40. దీనికి యూపీఐ ఐడీ లాగా పేరు పెట్టుకోవచ్చని ఒక దోస్తు అన్నాడు. ఎంత అవుతుంది, ఒకసారి కొంటే నాదేనా, దీంట్లో ఇరుక్కునేది ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట_జంక్షన్:
తమ్మీ, నువ్వడిగేది ఈఎన్‌ఎస్, అంటే ఈథీరియం నేమ్ సర్వీస్. వాలెట్ అడ్రస్‌కు పేరు ఇస్తుంది, ఆ పేరు చివర డాట్ ఈత్ అని ఉంటుంది. 2017 మే నుంచి నడుస్తోంది. ఐదు అక్షరాలు, ఆపైన ఉంటే ఏడాదికి 5 డాలర్లు. నాలుగు అక్షరాలకు 160, మూడింటికి 640. మూడుకు తక్కువ ఇవ్వరు. పైసలు ఈథీరియం సొంత క్రిప్టో ఈథర్‌లో కట్టాలి, గ్యాస్, అంటే నెట్‌వర్క్ ఫీజు, వేరే. ఆ గ్యాస్ కొన్నిసార్లు పేరు కన్నా ఎక్కువైపోతుంది, అందుకే నెట్‌వర్క్ ఖాళీగా ఉన్నప్పుడు, ఒకేసారి నాలుగైదేండ్లకు తీసుకో. ఏడాదికోసారి గ్యాస్ కట్టుకుంటూ కూర్చోవడం దండగ.

రిజిస్టర్ చేసేటప్పుడు రెండుసార్లు సంతకం అడుగుతుంది, గాబరా పడకు. మొదటి దాంట్లో నీ పేరు బయటపడదు, చీటీ రాసి మడిచి డబ్బాలో వేసినట్టు. ఒక నిమిషం ఆగాలి. తర్వాత రెండో సంతకంతో చీటీ విప్పి చూపించినట్టు, అప్పుడు పైసలు తీసుకుంటుంది. ఎందుకింత లొల్లి అంటే, నువ్వు అడిగిన పేరు లైన్లో ఉండగానే చూసి ఎక్కువ గ్యాస్ కట్టి ముందే కొట్టేసేవాళ్లుంటారు, వాళ్లకు చిక్కకుండా. చీటీ వేసి మర్చిపోయావంటే 24 గంటల తర్వాత చెల్లదు, మళ్లీ మొదటి నుంచి.

క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజ్‌లో ఉన్న ఖాతాతో పని కాదు. మెటామాస్క్ లాంటిది, తాళం నీ చేతిలో ఉండే వాలెట్ కావాలి. ఇంకోటి, గూగుల్‌లో వెతికి పైన కనబడిన ప్రకటన నొక్కకు. సైట్ అడ్రస్ నువ్వే టైప్ చేసుకో. వాలెట్ తెరిచినప్పుడు దాని తాళంగా ఇచ్చే ఆ 12 పదాలు ఎవరడిగినా, దేవుడడిగినా ఇవ్వకు.

కరీంనగర్_అక్క:
పై అన్న చెప్పిందంతా కరెక్టే కానీ అసలు ముచ్చట వదిలేశాడు. యూపీఐతో పోల్చకండి. యూపీఐ ఐడీ ఇస్తే అవతలివాడికి నీ పేరు కనిపిస్తుంది, నీ బ్యాంకు బ్యాలెన్స్ కనిపించదు. ఇక్కడ ఉల్టా. పేరు ఇచ్చావంటే ఈథర్‌స్కాన్‌లో, అంటే ఈథీరియం లావాదేవీలు ఎవరైనా చూడగలిగే సైట్‌లో, అది కొట్టి, నీ దగ్గర ఎంత ఉంది, ఎప్పుడు వచ్చింది, ఏ అడ్రస్ నుంచి వచ్చింది అంతా చూస్తారు. నాకు జరిగింది చెప్తా. ఒక లోగో పనికి రేటు మాట్లాడుతున్నా. అవతలాయన మెల్లగా, పోయిన నెల ఇలాంటి పనికే ఇంకొకరి దగ్గర ఇంత తీసుకున్నారు కదా, నాకెందుకు ఎక్కువ అన్నాడు. పాత ఇన్‌వాయిస్‌లో నా పేరు చూసి వాలెట్ మొత్తం తిరగేశాడు! ఏమనాలో తోచలేదు, పాత రేటుకే ఒప్పుకున్నా.

అంకెలే ఉన్నంతకాలం ఆ అడ్రస్ ఎవరిదో నలుగురికీ తెలియదు. పేరు అతికించిన రోజు నుంచి అది నీ ఇంటి గోడ మీద బ్యాలెన్స్ రాసి పెట్టినట్టే. అందుకని తమ్ముడూ, పేరు కోసం కొత్త వాలెట్ ఒకటి తెరువు, అందులోకి క్లయింట్ పైసలు మాత్రమే రానీ. దాచుకున్నది వేరే దాంట్లో పెట్టు. ఈ కొత్త దాంట్లో నుంచి నేరుగా ఆ దాచుకున్న దాంట్లోకి పంపితే ఆ దారి కూడా కనిపిస్తుంది, అది గుర్తుంచుకో.

జగిత్యాల_బావ:
"ఒకసారి కొంటే నాదేనా" అని అడిగావు కదా. కాదు. కొనుడు కాదది, కిరాయి.

నేను 2021లో ఒక పేరు తీసుకున్నా, ఏడాదికి. తర్వాత దుబాయ్ పోయిన, ఫోన్ మారింది, గుర్తు చేయడానికి ఎవరూ లేరు. గడువు దాటాక 90 రోజులు ఆగుతారు, ఆ లోపల నువ్వు తప్ప ఇంకెవరూ తీసుకోలేరు. నేను అది కూడా దాటేసిన. ఆ తర్వాత 21 రోజులు వేలం లాంటిది నడుస్తది, పది కోట్ల డాలర్ల నుంచి మొదలై రోజుకు సగం అవుతూ దిగుతది. నేను పదో రోజు చూసుకున్నా, ఇంకా లక్ష డాలర్లకు దగ్గరగా ఉంది. మన తాహతా అది! సున్నాకు వచ్చేదాకా ఆగి తీసుకుందామనుకున్నా, నాకన్నా ముందు ఎవడో తీసుకున్నాడు.

పేరు పోయినందుకు బాధ లేదు. కానీ నా పాత దోస్తులిద్దరి ఫోన్లలో ఆ పేరే ఉంది. వాళ్లు దానికి పంపితే ఇప్పుడు ఆ కొత్తాయన వాలెట్‌కు పోతాయి. ఇద్దరికీ ఫోన్ చేసి, ఆ పేరు తీసేయండ్రా అని బతిమాలుకున్నా. నువ్వు క్లయింట్ల ఇన్‌వాయిస్ మీద ముద్రించే పేరైతే ఇంకెంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించు. ఒక మంచి సంగతేందంటే, రెన్యువల్ పైసలు ఎవరైనా కట్టొచ్చు, పేరు నీదే ఉంటది. మీ తమ్మునికో చెల్లెకో చెప్పి పెట్టుకో.

హన్మకొండ_త్రీడీ:
బావా, కిరాయి అన్న మాట బాగా ఎక్కింది. అక్కా, రేటు ముచ్చట విని భయమేసింది, కొత్త వాలెట్ తెరుస్తా. ఇంకో డౌట్, పేరు తెలుగులో పెట్టుకోవచ్చా? ఇంగ్లిష్‌లో నాకు నచ్చినవన్నీ పోయినట్టున్నాయి.

నిట్_లైబ్రరీ_మెట్లు:
పెట్టుకోవచ్చు. తమాషా ఏంటంటే లెక్క మన కళ్లతో కాదు. "రాజు" మనకు రెండక్షరాలు, దానికి నాలుగు. ర, దాని దీర్ఘం, జ, దాని కొమ్ము, నాలుగూ విడివిడిగా లెక్కపెడుతుంది. అంటే ఏడాదికి 160 డాలర్లు. "రాజన్న" అయితే నకార పొల్లు, ఒత్తు కలిపి ఆరు, 5 డాలర్లకే వస్తుంది. రాజు కన్నా రాజన్న చవక!

చిక్కు ఇంకోచోట ఉంది. "కాజీపేట్‌వాలా" అని రాయాలంటే టకార పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం టైప్ చేస్తాం, పక్క అక్షరం ఒత్తుగా కలిసిపోకుండా. మన కీబోర్డులు చాలాసార్లు మనకు చెప్పకుండానే అది పెడతాయి. ఈఎన్‌ఎస్ రూల్స్ దాన్ని ఒప్పుకోవు, పేరు చెల్లదు అంటుంది, ఎందుకో అర్థం కాక గంట కూర్చుంటావు. అది తీసేస్తే "కాజీపేట్వాలా" అవుతుంది, చూడ్డానికి ఇంకేదోలా ఉంటుంది. పైగా నీ క్లయింట్ తెలుగు టైప్ చేయగలడా? చేయలేడు, మళ్లీ కాపీ పేస్టే. నువ్వు తప్పించుకుందామనుకున్నదే అది కదా.

కాజీపేట_జంక్షన్:
ఇంగ్లిష్‌లో తీసుకున్నా స్పెల్లింగ్ చూసుకో. లక్ష్మి అని ఒకరు కేఎస్‌హెచ్‌తో రాస్తారు, మన దిక్కు ఎక్స్‌తో రాస్తారు. ఇంకో స్పెల్లింగ్ వేరేవాడు తీసుకుని కూర్చుంటే, క్లయింట్ ఒక్క అక్షరం తప్పు కొట్టినా పైసలు వానికి. బ్యాంకులో అయితే కంప్లయింట్ పెడతాం, ఇక్కడ ఎవరికి పెడతాం? ఫోన్లో ఒక్కసారి చెప్తే తప్పు లేకుండా రాసుకోగలిగే పేరు చూడు. మొదటిసారి పంపేటప్పుడు క్లయింట్‌ను, పేరు కింద వాలెట్ చూపించే పూర్తి అడ్రస్ నీకు స్క్రీన్‌షాట్ పెట్టమను, నువ్వు మొత్తం 42 పోల్చు. ముందు నాలుగు, వెనక నాలుగు కాదు.

బస్టాండ్_చాయ్:
భయ్యా మంచి పేర్లు నాలుగు కొని అమ్ముకుంటే ఎట్లుంటది?

కరీంనగర్_అక్క:
ఏడాదికేడాది కిరాయి కట్టుకుంటూ కొనేవాడి కోసం ఎదురుచూస్తావా? అమ్ముడుపోయినా క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, 2022 ఏప్రిల్ నుంచి. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు కూడా. త్రీడీ తమ్ముడూ, నీది పని చేసి సంపాదించిన ఆదాయం, దాని లెక్క వేరు. వచ్చిన రోజు రూపాయల్లో విలువ ఎంతో రాసి పెట్టుకుని ఆడిటర్‌కు చూపించు.

హన్మకొండ_త్రీడీ:
రెండు రోజుల తర్వాత వచ్చా. తీసుకున్నా! ఇంగ్లిష్‌లోనే, తొమ్మిది అక్షరాలు, ఐదేండ్లకు 25 డాలర్లు. ఆ నిమిషం ఆగేది ఉంది చూడండి, పరీక్ష రిజల్ట్ కోసం ఆగినట్టుంది. కొత్త వాలెట్ మీదే పెట్టా. క్లయింట్‌ను ముందు ఒక్క డాలర్ పంపమన్నా, వచ్చింది, 42 అక్షరాలూ వేలు పెట్టి చదువుకున్నా. గడువు తేదీ మా చెల్లె ఫోన్లో కూడా పెట్టించా. నాన్న మాత్రం రెండు వేల చిల్లర పెట్టి పేరు కొన్నావా, నేను పెట్టింది చాల్లేదా అంటున్నాడు.

నిట్_లైబ్రరీ_మెట్లు:
ప్రైమరీ నేమ్ సెట్ చేశావా? పేరు నుంచి అడ్రస్‌కు దారి ఉంటుంది కానీ, అడ్రస్ నుంచి పేరుకు దారి నువ్వు విడిగా పెట్టాలి. లేకపోతే నువ్వు ఎవరికైనా పంపినప్పుడు వాళ్లకు అంకెలే కనిపిస్తాయి.

హన్మకొండ_త్రీడీ:
అయ్యో, చేయలేదన్నా. కానీ ఈ వాలెట్ నుంచి నేను ఎవరికీ పంపేది లేదు కదా, వచ్చేదే. ఉండనీ, గ్యాస్ తగ్గిన రోజు చూస్తా.