క్రిస్మస్‌కి మొదటిసారి మా ఆవిడ వాళ్ళ ఊరు పంపంగా వెళ్తున్నా: తిండి, డబ్బులు, చర్చి సంగతి చెప్పండి

సింగపూర్ శీను:
అందరికీ నమస్తే. మాది తణుకు దగ్గర ఒక పల్లె, ఆరేళ్ళుగా సింగపూర్‌లో ఉద్యోగం. మా ఆవిడ ఫిలిపినో, వాళ్ళది ఫిలిప్పీన్స్‌లో పంపంగా ప్రావిన్స్, శాన్ ఫెర్నాండో పక్కన. పెళ్ళి ఇక్కడే రిజిస్టర్ చేసుకున్నాం, అప్పుడు అత్తగారూ మామగారూ మాత్రమే వచ్చారు. (మామగారి కాళ్ళకి దండం పెట్టబోతే నా చేతిలోంచి ఏదో జారి పడిందనుకుని ఆయనా కిందకి వంగి వెతికారు. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళ ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతూనే ఉంది.) ఈసారి డిసెంబర్ 20న వెళ్ళి జనవరి 2 దాకా అక్కడే. ఇంట్లో నలభై మంది దాకా పోగవుతారట, కెనడా నుంచి ఒకళ్ళు, రియాద్ నుంచి ఒకళ్ళు కూడా.

నేను చికెన్, చేపలు తింటాను, పంది, గొడ్డు మాంసం ముట్టను. వద్దంటే అవమానంగా తీసుకుంటారా? పిల్లలందరికీ డబ్బులు పంచాలంటోంది మా ఆవిడ, ఎంత ఇవ్వాలి? అర్ధరాత్రి చర్చికి నేను వెళ్ళొచ్చా? ఇంకోటి, రోజుకి ఒక గంటైనా ఒంటరిగా కూర్చోకపోతే నాకు పిచ్చెక్కుతుంది, దానికి దారేమైనా ఉందా?

దవావో బ్యాచ్:
అన్నా, నేను ఫిలిప్పీన్స్‌లోనే దవావోలో మెడిసిన్ చదివాను. సెలవులకి ఇంటికి రాలేని రెండేళ్ళూ క్రిస్మస్ మా ఓనర్ ఆంటీ ఇంట్లోనే. ముందు తిండి సంగతి, ఎందుకంటే నువ్వు వెళ్ళేది ఆ దేశంలో వంటకి బాగా పేరున్న చోటికి. సిసిగ్ పేరుపడిందే అక్కడి ఏంజెలెస్ సిటీ నుంచి, అంటే పంది తల మాంసం. తిననంటే ఎవరూ నొచ్చుకోరు, దక్షిణాన అంతమంది ముస్లింలున్న దేశం, ఆ మాట వాళ్ళకి కొత్త కాదు. కాకపోతే ఇప్పుడే మీ ఆవిడ చేత అత్తగారికి ఫోన్ చేయించు, అక్కడికెళ్ళి ప్లేటు ముందు కూర్చుని చెప్పకు.

అసలు చిక్కు కనపడని పందితో. పాన్సిట్ నూడుల్స్‌లో ముక్కలు, లుంపియా (స్ప్రింగ్ రోల్స్ లాంటివి) లోపల కైమా, తియ్యగా చేసే స్పగెట్టిలో కైమాతో పాటు హాట్‌డాగ్ ముక్కలు, ఆఖరికి పెసలు ఉడకబెట్టి మునగాకు వేసి వండే కూర మీద కూడా పంది తోలు వేపుడు చల్లేస్తారు చాలామంది. అది చూసి మన పప్పే కదా అని రెండు గిన్నెలు లాగించాక తెలిసింది నాకు. చికెన్ అడోబో, బంగుస్ చేప, చింతపండు పులుపుతో రొయ్యలు వేసి చేసే సినిగాంగ్, వీటితో హాయిగా గడిచిపోతుంది. సినిగాంగ్‌లో మన పులుసులా కారం ఉండదు, ఆవకాయ సీసా పట్టుకెళ్ళు.

చర్చికి తప్పకుండా వెళ్ళు. డిసెంబర్ 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లవారకముందే పూజ జరుగుతుంది, సింబాంగ్ గాబి అంటారు, ఒక్కటీ వదలకుండా వెళ్తే కోరిక తీరుతుందని నమ్మకం. మనకి ధనుర్మాసం మొదలయ్యేది కూడా సరిగ్గా అప్పుడే కదా, నాకైతే పొద్దున్నే గుడికెళ్ళి పొంగలి కోసం నిలబడ్డట్టే అనిపించింది. పొంగలి బదులు చర్చి బయట బిబింకా అమ్ముతారు: బియ్యప్పిండి అరిటాకులో పోసి, కిందా పైనా నిప్పులు పెట్టి కాలుస్తారు. లోపల సత్ప్రసాదం కోసం అందరూ లైన్ కడితే మాత్రం నువ్వు లేవకు, అది వాళ్ళ మతంవాళ్ళకే. కూర్చునే ఉండు, ఎవరూ ఏమీ అనుకోరు.

క్లార్క్ అల్లుడు:
నేను దుబాయ్‌లో ఉంటా, మా అత్తారిదీ పంపంగానే, తొమ్మిది క్రిస్మస్‌లు చూశా. టికెట్ ఇంకా తీసుకోకపోతే మనీలాకి కాకుండా క్లార్క్ ఎయిర్‌పోర్ట్‌కి తీసుకో, శాన్ ఫెర్నాండోకి అదే దగ్గర. నేను మొదటిసారి మనీలాలో దిగి డిసెంబర్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని, విమానంలో కూర్చున్న టైమ్‌కి సమానంగా వ్యానులో కూర్చున్నాను (కొంచెం ఎక్కువ చేసి చెప్తున్నా, కానీ ఆ రోజు అలాగే అనిపించింది).

కాళ్ళ జోలికి వెళ్ళకు. పెద్దవాళ్ళ చెయ్యి అందుకుని నీ నుదుటికి ఆనించి "మానో పో" అను. ముసలి లోలాలకి (అమ్మమ్మలు, నాయనమ్మలు) ముందు, తర్వాత తీతాలకి (పిన్నులు, అత్తలు). ఒక్కరిని మర్చిపోయినా సాయంత్రానికి మీ ఆవిడకి రిపోర్ట్ అందుతుంది.

24 రాత్రి పెందలాడే నిద్రపోకు. చర్చి నుంచి వచ్చాక అర్ధరాత్రి నోచే బుయేనా, అదే అసలు భోజనం, హామ్, ఎర్ర మైనం పూసిన గుండ్రటి చీజ్, ఫ్రూట్ సలాడ్. నేను మొదటి ఏడు పదకొండింటికి పడుకుంటే కరావోకే మైకు నా చెవి దగ్గర పెట్టి లేపారు.

అన్నిటికంటే పెద్ద లాంతర్లు మిస్సవ్వకు. శాన్ ఫెర్నాండోలో బరంగాయ్‌లు, అంటే పేటలనుకో, పోటీపడి ఇరవై అడుగుల లాంతర్లు కడతాయి. వేల బల్బులు పాటకి తగ్గట్టు వెలిగి ఆరుతుంటాయి. కంప్యూటర్ అనుకున్నా నేను. కాదు, వెనక ఇనప డ్రమ్ములు చేత్తో తిప్పుతుంటారు, వాటికి ఆనుకుని వరసగా ఆడవాళ్ళ హెయిర్‌పిన్నులు, డ్రమ్ము మీద టేపు అంటించిన చోట కరెంటు ఆగుతుంది, లేని చోట వెలుగుతుంది. మాది అమలాపురం వైపు. కనుమ నాడు ప్రభల తీర్థంలో మా ఊరి ప్రభ గొప్పంటే మా ఊరిదని కొట్టుకునే జనం మధ్య పెరిగినవాణ్ణి, అక్కడ నిలబడితే ఇంటికొచ్చినట్టుంది.

డబ్బులు: 25 పొద్దున్నే పిల్లలు వరస కడతారు, అగినాల్దో అంటారు. కొత్త నోట్లే కావాలి, ముందే బ్యాంకులో మార్పించుకో. చిన్నపిల్లలకి 100 పెసోలు, పెద్దపిల్లలకి 200. లెక్క చూసుకోకు, ఏడాదికొక్కసారి.

ఒంటరిగా కావాలంటే "ఐసు తెస్తా" అని బయల్దేరు, ఆ ఇంట్లో ఐసు ఎప్పుడూ అయిపోతూనే ఉంటుంది. కాకపోతే ట్రైసికిల్లో (బైకుకి పక్కన తొట్టి తగిలించిన ఆటో లాంటిది) నీతోపాటు నలుగురు పిల్లలు ఎక్కుతారు.

రమ, టొరంటో:
డబ్బుల విషయంలో పై ఆయనతో ఒప్పుకోను. మా ఆయన ఫిలిపినో. మొదటి ఏడు లెక్క చూసుకోకుండా ఇచ్చాం, తర్వాతి ఏడు పిల్లల సంఖ్య పెరిగింది, ఎవరో ఎదురింటివాళ్ళు కూడా లైన్లో ఉన్నారు. విదేశంలో ఉన్నారంటే డబ్బు చెట్టుకి కాస్తుందనుకుంటారు, అది వాళ్ళ తప్పని కూడా అనను, మన చుట్టాలు మాత్రం తక్కువా? మీరూ మీ ఆవిడా విమానం ఎక్కకముందే మొత్తం ఎంతో అనుకోండి, అది కవర్లలో పెట్టేయండి, పర్సు గదిలోనే వదిలేయండి. చాక్లెట్లు, లోషన్లు, సబ్బులు ఒక సూట్‌కేసు నిండా తీసుకెళ్ళండి, పసలుబోంగ్ అంటారు, వట్టి చేతులతో వెళ్ళడం అసలు కుదరదు.

ఇంకో హెచ్చరిక. ఎవరైనా పసిబిడ్డని మీ ఒళ్ళో పెట్టి "నినోంగ్" అని నవ్వితే జాగ్రత్త. జ్ఞానతండ్రి అన్నమాట. హిందువునని తప్పించుకోవచ్చు అనుకోకండి, చర్చి రిజిస్టర్లో పేరు ఎక్కకపోయినా ఇంట్లో మీరు నినోంగే, ఏటా క్రిస్మస్‌కి ఆ పిల్లాడి గిఫ్ట్ మీ ఖర్చే.

సింగపూర్ శీను:
అందరికీ థాంక్స్. అత్తగారికి ఫోన్ చేయించా, నా కోసం వేరే మూకుడు పెడతానన్నారట. రమ గారు చెప్పినట్టు కవర్లు కూడా తెచ్చా. ఇదంతా మా ఆవిడకి చదివి వినిపిస్తుంటే నినోంగ్ దగ్గరకొచ్చేసరికి మాట్లాడకుండా ఫోన్ తీసి ఒక బాబు ఫోటో చూపించింది. చెల్లెలి కొడుకట, 28న బాప్తిజం, నా తరఫున పోయిన నెలే సరేనని చెప్పేసిందట.