విద్యుత్ కంచె: చివరి స్తంభం దగ్గర తీగను చేతి మెలితో కట్టాలా, స్లీవుతో నొక్కి బిగించాలా?

పాడిరైతు:
పశువుల మేత పొలం చుట్టూ మూడు వరుసల విద్యుత్ కంచెను నేనే వేసుకున్నాను. తీగ 2.5 మిల్లీమీటర్ల మందం గల గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) హై టెన్సైల్ (గట్టి ఉక్కు) రకం. అన్నింటికంటే పొడవైన వైపు 200 మీటర్లు ఉంటుంది. మూల స్తంభాల దగ్గర తీగను పింగాణీ ఇన్సులేటర్ చుట్టూ తిప్పి, మిగిలిన తోకను లైను తీగ మీదే ఐదారు చుట్లు చుట్టి కట్టాను. మామూలు మెత్తని జీఐ తీగను ఏళ్ల తరబడి అలాగే కడుతూ వచ్చాను గనుక ఈ తీగకు వేరే పద్ధతి అవసరమవుతుందన్న ఆలోచనే రాలేదు. మొదటి చలికాలం ముగిసేసరికి ఆ వైపున్న ఆరు చివరల్లో రెండు జారాయి, ఒకటి మెలి మొదట్లోనే తెగింది. తెగిన పైతీగ తడి గడ్డి మీద పడటంతో కంచె మొత్తంలో షాకు బలహీనపడి, తెల్లవారేసరికి దూడలు బయటికి వెళ్లిపోయాయి.

తెలిసినవారిని అడిగితే రెండు రకాల సమాధానాలు వచ్చాయి. ఈ తీగకు చేతి మెలి పనికిరాదనీ, లోహపు స్లీవు (చిన్న గొట్టం) తొడిగి క్రింపింగ్ పట్టకారుతో నొక్కడం ఒక్కటే దారి అనీ కొందరు చెప్పారు. కట్టడం సరిగ్గా నేర్చుకుంటే ఏ స్లీవూ అక్కరలేదని మరికొందరు చెప్పారు. ఎవరి మాట సరైనదో మాత్రమే కాకుండా ఎందుకు సరైనదో కూడా తెలుసుకోవాలని అడుగుతున్నాను, ఎందుకంటే ఇంకా రెండు వైపులు కట్టవలసి ఉంది.

కంచె మేస్త్రి:
మీ తీగ తెగడానికి కారణం చేతి మెలి కాదు, మెత్తని తీగను కట్టినట్టు గట్టి తీగను కట్టడం. నేను చాలా కాలంగా హై టెన్సైల్ తీగను చేత్తోనే కడుతున్నాను, ఆ పనిలో నేను పాటించేవి ఇక్కడ చెబుతాను.

బిగువు పూర్తిగా పడేది ఇన్సులేటర్ చుట్టూ తిరిగే మొదటి వంపు మీద, ఆ వంపు విశాలంగా ఉండాలి. ఇన్సులేటర్ గాడిలో తీగ సహజంగా కూర్చోవాలే గాని, దాన్ని ముందే పట్టకారుతో మూలలా విరిచి ఉంచకూడదు. ఆ తరువాత చాలామంది చేసే పొరపాటు, తోకను నేరుగా లైను తీగ మీద చుట్టడం మొదలుపెట్టడం. అలా చుట్టినప్పుడు తోకను పట్టి ఉంచేది రాపిడి ఒక్కటే. నేను తోకను ముందు లైను తీగ కిందుగా తెచ్చి, ఉచ్చు లోపలి నుంచి ఒకసారి బయటికి దాటించి, ఆ తరువాతే చుట్లు వేస్తాను. బిగువు పెరిగేకొద్దీ ఆ దాటు తోకను మరింత నొక్కి పట్టుకుంటుంది. చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి, మధ్యలో సందు కనిపించకూడదు.

బిగువు మోసే భాగాన్ని పట్టకారు పళ్లతో ఎప్పుడూ పట్టుకోకూడదు. ఈ రకం ఉక్కు గాటును క్షమించదు. మెత్తని తీగ మీద గాటు పడితే అక్కడ కాస్త సాగి ఊరుకుంటుంది, గట్టి తీగ అదే చోట పగులు పట్టి, చలి రాత్రి ఒకటి వచ్చినప్పుడు తెగుతుంది. మీ తీగ మెలి మొదట్లోనే తెగిందన్నారు గనుక, తెగిన కొసను ఒకసారి వెలుతురులో చూడండి. అక్కడ పట్టకారు గుర్తు ఉంటుందని నా అనుమానం. ఇక తోకను కత్తిరించడం కంటే, దాని కొసను చేతిపిడిలా వంచి అటూ ఇటూ తిప్పితే చివరి చుట్టు దగ్గరే నున్నగా విరిగిపోతుంది, పశువు కంటికీ చేతికీ గుచ్చుకునే ములుకు మిగలదు.

లోహకారుడు:
మేస్త్రి గారి పనితనాన్ని నేను శంకించడం లేదు, గాటు గురించి ఆయన చెప్పినది ప్రతి అక్షరమూ నిజం. అయితే ముడి తెగుతుందా లేదా అన్నదానికంటే అది ఎంత జారుతుందన్నదే ఇక్కడ ముఖ్యమని నా అభిప్రాయం, దానికి ఒక చిన్న లెక్క చూడాలి.

2.5 మిల్లీమీటర్ల తీగ అడ్డుకోత వైశాల్యం దాదాపు 4.9 చదరపు మిల్లీమీటర్లు. దానికి 100 కిలోల బిగువు పెడితే, ఉక్కు సాగే గుణాన్ని బట్టి తీగ తన పొడవులో వెయ్యో వంతు సాగుతుంది. అంటే 200 మీటర్ల వరుస మొత్తం మీద సాగేది 20 సెంటీమీటర్లు. ఆ 20 సెంటీమీటర్లే మీ బిగువు; అంతకు మించి తీగలో దాచిపెట్టిన బలం ఏదీ లేదు. చివరి మెలి 5 సెంటీమీటర్లు జారితే బిగువులో నాలుగో వంతు పోతుంది. గేటు పక్కన ఉండే 30 మీటర్ల చిన్న వరుసనే తీసుకుంటే అక్కడ మొత్తం సాగుదల 3 సెంటీమీటర్లు, కాబట్టి మెలి బొటనవేలి వెడల్పు జారినా ఆ తీగ వేలాడుతుంది. చిన్న వరుసలే తరచుగా వదులవుతున్నాయని చాలామంది అంటుంటారు, దానికి కారణం ఇదే.

మెత్తని తీగను చుట్టినప్పుడు అది శాశ్వతంగా వంగి, వంగినచోటే ఉండిపోతుంది. హై టెన్సైల్ తీగ వంగిన తరువాత కొంత వెనక్కి విప్పుకుంటుంది. చుట్టు చూపుకు బిగుతుగానే ఉన్నా లైను తీగను పట్టే ఒత్తిడి తగ్గిపోతుంది. పైగా పదునుగా వంగిన చోట జింకు పూత పగులుతుంది, చుట్ల మధ్య నీరు నిలుస్తుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది.

చలి సంగతి కూడా ఇందులో భాగమే. రెండు చివరలూ కదలకుండా ఉన్నప్పుడు, తీగ వేడి 20 డిగ్రీలు తగ్గితే ఈ మందం గల తీగలో బిగువు 24 కిలోల దాకా పెరుగుతుంది. వరుస పొడవు ఎంతైనా ఈ అంకె మారదు. ఎండ వచ్చినప్పుడు అది మళ్లీ తగ్గుతుంది. రోజూ పెరిగి తగ్గే ఈ లాగుడుకు మెలి కొద్దికొద్దిగా కదులుతూ ఉంటుంది. సరైన కొలత స్లీవును సరైన పట్టకారుతో నొక్కితే లోహం ఒకదానిలో ఒకటి అదిమినట్టు పట్టుకుంటుంది, తీగ బలాన్ని దాదాపు పూర్తిగా నిలబెడుతుంది. ముడి ఏదైనా సరే, వంపు దగ్గర తీగ బలంలో కొంత తీసివేయక తప్పదు.

కంచె మేస్త్రి:
లెక్క బాగుంది, నేను కాదనను. కాని మెలి జారేది ఎప్పుడు? మొదటిసారి బిగించినప్పుడు అది సర్దుకుంటుంది. అందుకే రెండు చివరలూ కట్టిన తరువాత, వరుస మధ్యలో పెట్టిన, తీగను చుట్టి బిగించే రాట్చెట్‌తో కావలసినదానికంటే కొంచెం ఎక్కువ బిగించి, కాసేపు అలాగే ఉంచి, ఆ తరువాత పని బిగువుకు దించుతాను. సర్దుబాటు అంతా అప్పుడే అయిపోతుంది. రాట్చెట్‌ను చివర కాకుండా మధ్యలో పెట్టమనేది కూడా ఇందుకే. స్తంభాల దగ్గరి రాపిడిని దాటుకుంటూ ఒక చివరి నుంచే లాగితే, అవతలి చివరి మెలికి ఆ బిగువు అందనే అందదు, అది సర్దుకోకుండానే మిగిలిపోయి తరువాత జారుతుంది. పాడిరైతు గారు ఏ వైపు నుంచి లాగారో చెబితే బాగుంటుంది.

స్లీవుల గురించి కూడా నిజం చెప్పుకోవాలి. వాటిని కట్టినవారిలో సగం మంది మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కడం నా కళ్లతో చూశాను. 2 మిల్లీమీటర్ల తీగకు చేసిన స్లీవు, 2.5 మిల్లీమీటర్ల తీగకు చేసిన స్లీవు చూపుకు ఒకేలా ఉంటాయి. తప్పుగా నొక్కిన స్లీవు బయటికి చక్కగా కనిపిస్తూ ఒక రోజు మొత్తంగా జారిపోతుంది, మెలి మాత్రం చెడిపోయే ముందు కంటికి కనిపిస్తుంది. రాత్రిపూట కొమ్మ విరిగి తీగ తెగితే చేతిలో ఉండేది పట్టకారు ఒక్కటే. చేతి మెలి తెలియనివాడు తెల్లవారేదాకా పశువులను కాపలా కాయవలసిందే.

విద్యుత్ కార్మికుడు:
మీరిద్దరూ బిగువు గురించే మాట్లాడుతున్నారు. కంచె తీగకు రెండో బాధ్యత కూడా ఉంది, కరెంటును మోయడం. ఈ రెండు పనులనూ కలిపి ఆలోచించడం వల్లనే చాలా కంచెలు పాడవుతున్నాయని నా అనుభవం.

వరుస ముగిసే చోట, అంటే అక్కడి నుంచి మరే తీగకూ కరెంటు వెళ్లనప్పుడు, ఆ మెలి గుండా చెప్పుకోదగిన కరెంటు ప్రవహించదు. అక్కడ మెలికైనా స్లీవుకైనా ఉన్న పని పట్టుకోవడం ఒక్కటే, కాబట్టి మెలిలో తీగలు సరిగ్గా అంటుకోక కరెంటు ఆగుతుందన్న వాదన చివరి కట్టుకు వర్తించదు. వరుస మధ్యలో తెగిన తీగను ముడివేసి అతికినప్పుడు మాత్రం కథ పూర్తిగా మారిపోతుంది. కంచెకు కరెంటు ఇచ్చే యంత్రం, అంటే ఎనర్జైజర్, సుమారు సెకనుకు ఒకసారి కొన్ని వేల వోల్టుల స్పందనను (పల్సును) పంపుతుంది. తుప్పు పట్టిన ముడిలో సన్నని సందు ఉంటే ప్రతి స్పందనకూ అక్కడ నిప్పురవ్వ లేచి, మిగిలిన జింకును కూడా తినేస్తుంది. చీకటి పడ్డాక కంచె వెంట నెమ్మదిగా నడిస్తే టిక్కు టిక్కుమనే చప్పుడు వినిపిస్తుంది, కొన్నిసార్లు నీలి మెరుపు కూడా కనబడుతుంది. అందుకే మధ్య అతుకుల్లో ముడి ఉన్నా, దాని రెండు పక్కలా తీగను కలుపుతూ ఒక లైన్ క్లాంప్ (తీగలను కలిపి నొక్కే లోహపు పట్టు) బిగించాలి. రాగి తీగను గాని రాగి క్లాంపును గాని జింకు పూత తీగకు నేరుగా తగిలించకూడదు. తడిలో ఆ రెండు లోహాలు కలిస్తే జింకు త్వరగా కరిగిపోతుంది.

చివర్లలో నేను చేసే పని ఒకటుంది. మెలి వేసినా స్లీవు వేసినా తోకను వెంటనే తుంచివేయను, పై వరుస దాకా చేరేంత పొడవు వదిలి, దాన్నే పైకి వంచి క్లాంపుతో కలుపుతాను. వేరే ముక్క తీగ అవసరం ఉండదు, ఒక అతుకు తగ్గుతుంది. అయితే లోపం ఎక్కడుందో వెతకడానికి వరుసలను విడివిడిగా ఆపవలసిన కంచెలో ఇలా చేయకండి, అక్కడ కటాఫ్ స్విచ్చు పెట్టాలి.

తోక కొస స్తంభం వైపు తిరిగి ఉండకూడదు. కొన్ని వేల వోల్టులు సన్నని కొస నుంచి కొన్ని మిల్లీమీటర్ల గాలి సందును దూకగలవు, వానలో ఇంకా సులువుగా దూకుతాయి. కనీసం రెండు మూడు సెంటీమీటర్ల దూరం వదలండి. పింగాణీలో గుడ్డు ఆకారపు ఇన్సులేటర్ వాడితే, స్తంభం వైపు ఉచ్చు, లైను వైపు ఉచ్చు ఒకదానిలో ఒకటి మెలికపడేలా కట్టాలి. అప్పుడు పింగాణీ మీద పడేది నొక్కుడు మాత్రమే, అది పగిలినా తీగ నేల మీద పడదు. స్తంభంలోకి కరెంటు కారి షాకు తగ్గడంతో లోపం తెలిసిపోతుంది.

ఇక్కడ చర్చించేదంతా ఎనర్జైజర్ కంచెకే వర్తిస్తుందని స్పష్టంగా చెప్పాలి. అంతర్జాతీయ భద్రతా ప్రమాణం ఐ.ఈ.సీ. 60335-2-76 ప్రకారం ఒక్కో స్పందన 10 మిల్లీసెకన్లకు మించదు, 500 ఓముల భారానికి అందే శక్తి 5 జౌళ్లు దాటదు. ప్రాణం నిలిచేది ఆ హద్దుల వల్లనే. ఇంటి కరెంటును నేరుగా తీగకు ఇచ్చిన చోట మనుషులూ పశువులూ చనిపోతారు, దానికి ఏ ముడీ ఏ స్లీవూ అడ్డు కాదు. ముళ్ల తీగకు కూడా ఎనర్జైజర్‌ను కలపకూడదు, దానిలో చిక్కుకున్నవారు విడిపించుకోలేరు. తీగను ముట్టే ముందు యంత్రం ఆపడం, కళ్లద్దాలు పెట్టుకోవడం మరిచిపోవద్దు. గట్టి తీగ చుట్ట విప్పినప్పుడు కొస ఎగిరి ముఖానికి కొడుతుంది.

లోహకారుడు:
మేస్త్రి గారు చెప్పిన ముందస్తు బిగింపును నేను ఒప్పుకుంటున్నాను, జారుడులో పెద్ద భాగం దానితో తీరిపోతుంది. చలీ ఎండా తెచ్చే రోజువారీ లాగుడు మాత్రం దానితో తీరదు. దానికి మందు వరుసలో ఒక స్ప్రింగు పెట్టడం. స్ప్రింగు ఆ హెచ్చుతగ్గులను తనలోకి తీసుకుంటే చివరి కట్టు ఏదైనా ఎక్కువ కాలం నిలుస్తుంది. స్ప్రింగు లేని చిన్న వరుసల్లో స్లీవే వాడాలన్న నా మాట మీద నేను నిలబడతాను. నొక్కే ముందు స్లీవు మీది కొలతను తీగ మందంతో పోల్చి చూడటం, తయారీదారు చెప్పినన్ని నొక్కులు వేయడం, తోక స్లీవు దాటి కొద్దిగా బయటికి కనిపించేలా ఉంచడం, ఈ మూడు పాటిస్తే మేస్త్రి గారి భయానికి అవకాశం తక్కువ.

పాడిరైతు:
తెగిన కొసను చూశాను. మేస్త్రి గారు ఊహించినట్టే విరిగిన చోట అడ్డంగా రెండు పట్టకారు గాట్లు ఉన్నాయి. లాగింది కూడా గేటు వైపు నుంచే. జారిన రెండు మెలులూ అవతలి మూలలోవే. ఆ లెక్క చదివిన తరువాత గేటు పక్క వరుస కొలిచాను, అది 26 మీటర్లు. ఏడాదిగా అది ఎందుకు వేలాడుతోందో ఇప్పుడు అర్థమైంది.

మిగిలిన రెండు వైపులకు ఇలా చేయాలని నిర్ణయించుకున్నాను. గేటు పక్కన ఉన్న చిన్న వరుసలకు చివర్లో స్లీవులు. పొడవైన వరుసలకు మేస్త్రి గారి దాటు వేసిన చేతి మెలి, మధ్యలో రాట్చెట్, పైతీగకు స్ప్రింగు. తోకలను తుంచకుండా పై వరుసకు కలుపుతాను. లోహకారుడు గారు అన్ని చివరలకూ స్లీవే వాడమంటారని తెలుసు; అయితే రాత్రి పగలూ నేనే బాగుచేసుకోవలసిన కంచె ఇది, అందుకే చేతి మెలి నా చేతికి అలవాటు కావాలి.

కంచె మేస్త్రి:
అలాగైతే ఒక పని చేయండి. ముందస్తు బిగింపు అయిపోయాక, ప్రతి మెలి చివరి చుట్టు ముగిసే చోట లైను తీగ మీద రంగు చుక్క పెట్టండి. మొదటి చలి తగ్గాక వెళ్లి చూస్తే, చుట్టుకూ చుక్కకూ మధ్య ఎంత దూరం ఏర్పడిందో అంతే జారినట్టు. స్లీవుల దగ్గర కూడా అలాగే చుక్క పెట్టండి. రెండింటి కొలతలూ ఇక్కడ రాయండి, నాకూ తెలుసుకోవాలని ఉంది.