ఆపరేషన్ తర్వాత క్రియాటినిన్ నార్మల్‌కి వచ్చేస్తే కిడ్నీల సంగతి అక్కడితో వదిలేయొచ్చా?

చిగురు:
మా నాన్నకు 67 ఏళ్ళు. పన్నెండేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు, షుగర్ లేదు. నెల కిందట బైపాస్ అయింది. గుండె బాగానే ఉంది, నా ప్రశ్నంతా కిడ్నీల గురించే. కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఆపరేషన్‌కు ముందు 1.0 ఉంది. రెండో రోజు 1.9, ఐదో రోజు 1.3, తొమ్మిదో రోజు ఇంటికి పంపేటప్పుడు 0.8. డిశ్చార్జ్ సమ్మరీలో ఆ 1.9 గురించి ఒక్క ముక్క లేదు. ల్యాబ్ కాగితాలు ఒక్కొక్కటీ తిరగేస్తుంటే నా కంటపడింది. అడిగితే "కిడ్నీ కాస్త అలిసింది, కోలుకుంది, ఇక ఏం కాదు" అన్నారు. ఒకసారి నెఫ్రాలజిస్టుకి చూపించమని అన్నయ్య, నార్మల్ వచ్చాక కూడా ఎందుకు టెన్షన్ అని అక్క. మీరేమంటారు?

మత్తుడాక్టరు:
చిగురు గారూ, నేను మీ అక్కగారి పక్షమే. గుండె ఆపరేషన్లకు మత్తు ఇవ్వడం నా పని. పెద్ద గుండె ఆపరేషన్ అయినవాళ్ళలో దాదాపు ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి క్రియాటినిన్ ఇలా పెరుగుతుంది. మధ్యలో బీపీ పడిపోవడం, హార్ట్ లంగ్ మెషీన్ మీద ఉన్నంతసేపూ రక్తప్రసరణ తీరు మారిపోవడం, ఒళ్ళంతా ఇన్‌ఫ్లమేషన్, ఇవన్నీ కలిసి కిడ్నీలోని సన్నటి గొట్టాల కణాలను దెబ్బతీస్తాయి. అయితే ఆ కణాలకు మళ్ళీ పుట్టుకొచ్చే శక్తి ఉంది. చాలామందికి వారం పది రోజుల్లో సర్దుకుంటుంది.

ఏకేఐ, అంటే కిడ్నీకి ఇలా హఠాత్తుగా తగిలే దెబ్బ, వచ్చినవాళ్ళకి తర్వాతి కాలంలో సీకేడీ, అంటే దీర్ఘకాలం ఉండే కిడ్నీ జబ్బు, ఎక్కువగా కనిపిస్తుందన్నది నిజం. కానీ ఆ దెబ్బ వల్లే వస్తోందా, లేక ముందునుంచే బలహీనంగా ఉన్న కిడ్నీ ఆపరేషన్ ఒత్తిడికి బయటపడుతోందా? 2014లో కరోనరీ ట్రయల్ కిడ్నీ ఫలితాలు వచ్చాయి. 2932 మంది బైపాస్ పేషెంట్లలో కొందరికి మెషీన్ పెట్టి, కొందరికి మెషీన్ లేకుండా కొట్టుకుంటున్న గుండె మీదే ఆపరేషన్ చేశారు. ఎవరికి ఏది అన్నది లాటరీ. మెషీన్ లేనివాళ్ళలో ఏకేఐ 17.5 శాతం, ఉన్నవాళ్ళలో 20.8 శాతం. కానీ ఏడాది తర్వాత చూస్తే కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళు వరుసగా 17.1, 15.3 శాతం, అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. తొలిరోజుల దెబ్బను తగ్గించినా ఏడాది తర్వాతి లెక్క మారలేదు. అలాంటప్పుడు కోలుకున్న ప్రతివాడినీ కిడ్నీ పేషెంట్‌ని చేసి భయపెట్టడం న్యాయమా?

నీటిచుక్క:
డాక్టర్ గారు చెప్పిన ట్రయల్ మంచిదే, దాని నుంచి తీసిన అర్థంతోనే నా పేచీ. రెండు గుంపుల మధ్య ఏకేఐ తేడా వందకు ముగ్గురు. అందులోనూ ఎక్కువమందిది చిన్నపాటి పెరుగుదల. అంత చిన్న తేడా ఏడాది తర్వాత లెక్కల్లో కనబడాలంటే ఎలా? కనబడలేదు కాబట్టి హాని లేదని తేల్చేయలేం.

అది పక్కన పెడతాను. చిగురు గారూ, మీరు రాసిన అంకెల్లో నన్ను ఆపేసింది 1.9 కాదు, 0.8. నాన్నగారు బాగా సన్నబడ్డారా?

చిగురు:
చాలా. వాచీ చేతికి నిలవడం లేదు, బెల్టుకి కొత్తగా రెండు చిల్లులు పొడిచాను. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి వస్తోంది.

నీటిచుక్క:
నేను అనుకున్నది అదే. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. కండ కరిగితే రక్తంలోకి వచ్చేదే తగ్గుతుంది, కిడ్నీ మెరుగుపడకపోయినా అంకె దిగుతుంది. మీ నాన్నగారి వయసుకు లెక్క కట్టి చూశాను. 1.0 దగ్గర ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ రక్తాన్ని వడకట్టే వేగం అంచనా, సుమారు 82. తొమ్మిదో రోజు 0.8 దగ్గర 97. కిడ్నీకి దెబ్బ తగిలిన తొమ్మిది రోజులకే ముందుకన్నా బాగా పనిచేస్తోందని ఎవరైనా నమ్ముతారా? ఆ 97లో సగం కథ తొడల్లో, భుజాల్లో కరిగిపోయిన కండదే. ఎక్కించిన సెలైన్ వల్ల రక్తం పలచబడి కూడా అంకె కొంత తగ్గి ఉంటుంది.

నేను కిడ్నీ ఓపీలో పనిచేస్తాను. ఇలాంటి కాగితం పట్టుకుని రెండేళ్ళకో మూడేళ్ళకో వచ్చేవాళ్ళని చూస్తుంటాను. "అప్పుడు నార్మలే అన్నారు కదా" అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ బాధేస్తుంది. అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంస్థ కేడీఐజీఓ 2012 నాటి మార్గదర్శకాల ప్రకారం 48 గంటల్లో 0.3 పెరిగినా, వారంలోపు ఒకటిన్నర రెట్లయినా అది ఏకేఐ. 1.0 నుంచి 1.9 అంటే అనుమానమే అక్కర్లేదు. అదే మార్గదర్శకాలు ఏకేఐ వచ్చినవాళ్ళని మూడు నెలలకు మళ్ళీ చూడమంటాయి. సీకేడీ అనాలన్నా మూడు నెలలు దాటాలి, కాబట్టి ఆ గడువుకి అర్థం ఉంది.

ఆ రోజు చూడాల్సినవి రెండు. ఒకటి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కీ క్రియాటినిన్‌కీ ఉన్న నిష్పత్తి. అసెస్ ఏకేఐ అధ్యయనంలో మూడు నెలల దగ్గర మూత్రంలో ప్రొటీన్ ఎక్కువ పోతున్నవాళ్ళకే తర్వాత కిడ్నీ క్షీణించే ముప్పు బలంగా కనిపించింది. రెండోది సిస్టాటిన్ సి, కిడ్నీ పనితీరు చెప్పే మరో రక్తపరీక్ష. దానికి కండతో పెద్దగా సంబంధం లేదు. ఇన్‌ఫ్లమేషన్, స్టెరాయిడ్లు, థైరాయిడ్ తేడాలు దాన్ని కదిలిస్తాయి. అందుకే ఆపరేషన్ అయిన వెంటనే చేయిస్తే మోసపోతాం, నిదానంగా చేయించండి. ఈలోపు డాక్టర్‌ని అడగకుండా నొప్పి మాత్రలు మాత్రం వద్దు. కొన్ని రకాల బీపీ మందులు, నీరు పోయే మాత్ర, వాటికి తోడు నొప్పి మాత్ర, ఈ మూడూ కలిస్తే కిడ్నీకి గట్టి దెబ్బ.

ఒక్కకిడ్నీ:
నా అనుభవం చెప్తాను. గడ్డ ఉందని ఆరేళ్ళ కిందట ఒక కిడ్నీ మొత్తం తీసేశారు. అప్పటినుంచి ఈజీఎఫ్‌ఆర్ 54, 56, 55. ఆరేళ్ళుగా అంతే. మొదటి రెండేళ్ళూ రిపోర్టు మీద "సీకేడీ స్టేజ్ 3" అని చూసి నిద్రపోలేదు. ఆ భయం ఎవరికీ రాకూడదు.

నీటిచుక్క:
మీ బాధ అర్థమైంది. మీది వేరే దారి. మొత్తం తీసేయాలా, గడ్డ ఉన్న భాగమే తీయాలా అని యూరప్‌లో 541 మందితో ట్రయల్ చేశారు. దాదాపు ఏడేళ్ళ గమనింపులో మొత్తం తీసినవాళ్ళలో 85.7 శాతం మంది ఈజీఎఫ్‌ఆర్ 60 కిందికి వచ్చారు, భాగం తీసినవాళ్ళలో 64.7 శాతం. కానీ 15 కిందికి పడిపోయినవాళ్ళు రెండు వైపులా ఒకటిన్నర శాతం దగ్గరే. నెఫ్రాన్లు, అంటే కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సన్నటి భాగాలు, తగ్గినా మిగిలినవి ఆరోగ్యంగా ఉంటే ఏళ్ళ తరబడి అక్కడే నిలబడతాయి. మూత్రంలో ప్రొటీన్ పోకపోతే మీ 55 మీద నాకూ భయం లేదు. గాయపడిన కిడ్నీలో మరమ్మతు సరిగా జరగకపోతే సన్నటి రక్తనాళాలు తగ్గిపోయి, మచ్చకట్టి, నెమ్మదిగా దిగజారుతుంది. 55 అన్న అంకె ఒకటే అయినా మీ కథ, ఆ కథ ఒకటి కావు.

మత్తుడాక్టరు:
0.8 గురించి నీటిచుక్క గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను, నేను దాన్ని దాటేశాను. మూడు నెలల పరీక్షకు అభ్యంతరం లేదు. అది నార్మల్‌గా ఉంటే మాత్రం ఏటా తిప్పించుకోవడానికి ఒప్పుకోను. చిగురు గారూ, రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి.

చిగురు:
రెండు నెలల తర్వాత రాస్తున్నాను. నాన్న కాస్త ఒళ్ళు చేశారు. క్రియాటినిన్ 1.2, ఈజీఎఫ్‌ఆర్ 66. సిస్టాటిన్ సి తో లెక్కేస్తే 61. మూత్రంలో నిష్పత్తి 140, ఉండాల్సింది 30 లోపు. నెఫ్రాలజిస్టు బీపీ మందు మార్చారు, మూడు నెలలకు మళ్ళీ రమ్మన్నారు.

నీటిచుక్క:
వెళ్ళడం మంచిదైంది. ఇది వదిలేసే అంకె కాదు. ఒక్క పరీక్షతో తేల్చరు, మళ్ళీ చేయించి చూస్తారు. మందు ఆపకండి.

మత్తుడాక్టరు:
తప్పకుండా ఫాలో అప్‌లో ఉండాలి, ఇందులో నాకు వేరే మాట లేదు. కానీ ఆపరేషనే దీనికి కారణమని రాసేముందు ఒక్కటి చెప్పండి. 2023లో క్రిక్ అధ్యయనం వాళ్ళు అప్పటికే సీకేడీ ఉన్నవాళ్ళలో ఇదే చూశారు. ఏకేఐకి ముందటి పనితీరు, ముందటి ప్రొటీన్ లెక్కలోకి తీసుకుంటే, చిన్న, మధ్యస్థ ఏకేఐ తర్వాత క్షీణత వేగం చెప్పుకోదగ్గంత పెరగలేదు. పన్నెండేళ్ళ బీపీ ఉన్న మనిషి. ఆపరేషన్‌కు ముందు మూత్రంలో ప్రొటీన్ ఎంత ఉంది?

చిగురు:
ఫైలు మొత్తం రెండుసార్లు వెతికాను. గుండెకి సంబంధించిన పరీక్షలన్నీ ఉన్నాయి. మూత్రం పరీక్ష ఒక్కటీ లేదు.