అప్‌డేట్: బీరులో వెన్న వాసన పోయింది

పోయిన నెల అడిగాను కదా, ఇంట్లో చేసిన పేల్ ఏల్ అనే రకం బీరులో సినిమా హాలు పాప్‌కార్న్ వాసన వస్తోందని. అది డైఎసిటైల్ (బీరు పులిసేటప్పుడు పుట్టే వెన్న వాసన పదార్థం) అనీ, తొందరపడి సీసాల్లో నింపేశాననీ మీరు అన్నారు. నిజమే, ఆరో రోజే నింపేశాను. ఈసారి పులియడం చివర్లో 20 డిగ్రీల దగ్గర ఇంకో 3 రోజులు కదపకుండా వదిలేశా. ఆ వెన్నను ఈస్టే తినేసింది!

శనివారం ఇక్కడ పోర్ట్‌లాండ్‌లో ఫ్రెండ్ గ్యారేజీలో ఆరుగురం కూర్చున్నాం. ఏది ఏదో చెప్పకుండా నాదీ, సియెరా నెవాడా కంపెనీ పేల్ ఏలూ పక్కపక్కనే పోశాను. రెండింట్లోనూ కాస్కేడ్ రకం హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు), అదే పంపరపనస తొక్క వాసన. ఇద్దరైతే నాదే కంపెనీ బీరనుకున్నారు. నురగ మాత్రం నాది నిమిషంలో చచ్చిపోయింది. గ్లాసుకి అంటిన సబ్బు మీదకి నెట్టేద్దామంటే, పక్క గ్లాసులో నురగ చెక్కుచెదరలేదు.